కిస్మెట్ గారికి, కిస్మత్తు లేనివాడి ఉత్తరం

మహారాజశ్రీ కిస్మెట్ గారి దివ్య సముఖమునకు,

బెంగళూరు మారతహళ్లి మాజీ పీజీ వాస్తవ్యుడు నమస్కరించి రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి కింద మనవి చేసుకుంటాను.

మొన్న ఇల్లు మారుతుంటే అట్టపెట్టె అడుగున నా పాత నోకియా ఎన్800 బయటపడింది. 2007లో వచ్చిన ఇంటర్నెట్ టాబ్లెట్. ఫోను కాదు, కంప్యూటరూ కాదు, అరచేతిలో పట్టే లినక్స్. 2010లో బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండుకు కొన్నాను. దాన్ని చూడగానే, అందులో నేను ఎక్కించుకున్న, చుట్టుపక్కల వైఫై నెట్‌వర్క్‌లను కనిపెట్టే ప్రోగ్రాము మీరే గుర్తొచ్చారు. ఆ మూడు ఆదివారాలూ గుర్తొచ్చాయి.

మీ విద్య సామాన్యమైంది కాదని ముందే ఒప్పుకుంటాను. మామూలు స్కానర్లు వీధి మధ్యలో నిలబడి "ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తాయి. మీరు నోరు విప్పరు. అరుగు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్నట్టు నటిస్తూ వీధిలో మాటలన్నీ వినే ముసలమ్మ బాపతు మీరు. ప్రతి రౌటరూ సెకనుకు పది సార్లు "నేనున్నాను, నేనున్నాను" అంటూనే ఉంటుంది గనక మీకు వినడమే చాలు. పేరు దాచుకున్న నెట్‌వర్క్ కూడా, దాని తాలూకు మనిషి ఎవరో వచ్చి పేరు పెట్టి పిలిచే దాకా ఓపిగ్గా కూర్చుని పట్టేస్తారు. పెద్దమ్మల దగ్గర కూడా ఇంత నేర్పు చూడలేదు.

ఇంత తెలిసిన మీరు, మొట్టమొదటి రోజు నన్ను చూసి అన్న మాట: "ఫేటల్." అంటే ఇక నడవను, ఇంతే సంగతులు అని.

తప్పు నాదే. మీ సెట్టింగులుండే కాన్ఫిగరేషన్ ఫైలు చదవకుండా మిమ్మల్ని లేపాను. చదివితే అందులో ఏముంది? యూజర్ పేరు ఉండాల్సిన చోట "యువర్_యూజర్_హియర్" అని ఉంది. మీరేమో ఆ పేరు గల మనిషి కోసం టాబ్లెట్ అంతా వెతికి, అలాంటివాడు ఈ ఇంట్లో లేడని చెప్పి ప్రాణం వదిలారు. పెళ్లి శుభలేఖ నమూనాలో "వరుని పేరు" అని ఉంటే, ఆ వరుని పేరు గారెక్కడ అని విడిదింట్లో ఆరా తీసినట్టుంది. సరే, నా పేరు రాశాను. వాడూ లేడన్నారు. చివరికి తెలిసిందేమిటయ్యా అంటే, ఆ టాబ్లెట్‌లో యజమాని పేరు "యూజర్". అంతే. డబ్బులిచ్చి కొన్నవాడికి ఆ పెట్టె పెట్టిన నామధేయం అది.

దాని కింది లైను ఇంకా రసవత్తరం. వైఫై రేడియో కార్డు వివరాలు రాయాల్సిన చోట "నన్,నన్,యాడ్‌మీ." కార్డు రకం లేదు, ఇంటర్‌ఫేస్ లేదు, నన్ను చేర్చుకో నాయనా అని. దాన్ని చూస్తే రేషన్ కార్డు దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ మా మేనత్త గుర్తొచ్చింది. మూడో గడిలో ముద్దుపేరు ఏదైనా పెట్టుకోవచ్చన్నారు. "చిన్నోడు" అని పెట్టి బారసాల కానిచ్చాను. మీరు లేచి కూర్చున్నారు.

కూర్చున్న మరుక్షణం ఇంటర్నెట్ పోయింది.

ఇక్కడే నాకూ మీకూ చెడింది. మీరు వినాలంటే రేడియో మానిటర్ మోడ్‌లోకి వెళ్లాలి. ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ అది ఏ నెట్‌వర్క్‌తోనూ మాట్లాడదు. ఇంటర్నెట్ టాబ్లెట్ అని పేరున్న వస్తువులోకి మీరు ఒక గుమ్మంలోంచి వస్తే ఇంటర్నెట్ రెండో గుమ్మంలోంచి వెళ్లిపోయేది. మీరేదో ఎర్రర్ చూపిస్తారు. దాని అర్థం వెతకాలంటే నెట్ కావాలి. నెట్ కావాలంటే మిమ్మల్ని మూసెయ్యాలి. మూసేసరికి ఎర్రర్ పోయేది. చివరికి మెస్ కూపన్ల వెనక రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ వారం రెండు పూటల భోజనం మీ ఎర్రర్ల కింద పోయింది.

పోనీ మిమ్మల్నే నమ్ముకుని కూర్చుందామా అంటే, పది నిమిషాలకోసారి తెర మీద చలనం ఆగిపోయేది. ఒక్క కొత్త పేరూ రాదు. డ్రైవర్‌ని తిట్టాను, బ్యాటరీని తిట్టాను, ఎస్పీ రోడ్డు అబ్బాయిని కన్నడంలో కూడా తిట్టాను. అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. టాబ్లెట్‌లో కనెక్షన్లు చూసుకునే సేవకుడొకడు ఉన్నాడు. తెలిసిన వైఫై తగులుతుందేమోనని వాడు పది నిమిషాలకోసారి వచ్చి రేడియోను మీ చేతిలోంచి లాక్కునేవాడు. పీజీలో ఒకటే బాత్రూము, లోపల మీరు, బయట తలుపు బాదేది వాడు. కంట్రోల్ ప్యానెల్‌లో కనెక్టివిటీకి వెళ్లి, వెతికే వ్యవధి దగ్గర "ఎప్పుడూ వద్దు" అని పెడితే గొడవ సద్దుమణిగింది. ఇంత చిన్న మాట చెప్పడానికి మీకు నోరు రాలేదు. ఎంతసేపూ వినడమేనా?

మీ తెర మర్యాదలు కూడా కాస్త చెప్పుకోవాలి. ఎన్800కి మీటల కీబోర్డు లేదు. మీరేమో అక్షరం నొక్కితే గాని కదలరు. తెర మీద కీబోర్డు తెరిస్తే మీ జాబితా సగం దాని కింద పడుతుంది. జాబితాలో ఒక పేరు ఎంచుకుందామంటే ముందు "ఎస్" నొక్కి వరస కట్టమంటారు, లేకపోతే ముట్టుకోనివ్వరు. వెళ్లిపోదామంటే పెద్ద "క్యూ" నొక్కాలట, చిన్నది చెల్లదట.

రంగులు మాత్రం బావుండేవి. తాళం వేసినవి ఆకుపచ్చగా, వెయ్యనివి పసుపుగా, డబ్బాలోంచి తీసి ప్లగ్గు పెట్టి వదిలేసినవి ఎర్రగా. మా వీధి మిరపకాయల కళ్లంలా ఉండేది. ఒకరోజు మా కడప రూమ్మేట్ తొంగి చూసి, "ఏం అన్నా, వీధిలో కరెంటు బిల్లులన్నీ రాచ్చాండావా?" అన్నాడు. ఓనరు మాత్రం నవ్వలేదు. 2008లో నవీ ముంబైలో ఎవరిదో తాళం లేని వైఫై వాడుకుని ఉగ్రవాదులు ఈమెయిల్ పంపిన సంగతి ఆయన పేపర్లో చదివి ఉన్నాడు. "నాయనా, ఇట్లాంటియ్యి నా బిల్డింగులో వద్దు. పోలీసులొస్తే నువ్వు ఖాళీ చేసి పోతావు, నేను యాడికి పోయేది?" అన్నాడు. నేను వినడం తప్ప ఏమీ చెయ్యట్లేదండీ, చూడాలనుకున్నది మన పీజీ రౌటర్‌నే అన్నాను. చూపించమన్నాడు.

చూపించలేకపోయాను. అదీ నా అసలు ఫిర్యాదు. ఎదురు ఇస్త్రీ కొట్టు మీద అంతస్తువాళ్లది కనిపిస్తోంది, వెనక వీధివాళ్లది కనిపిస్తోంది, నా తల మీద గోడకు తగిలించిన రౌటర్ మాత్రం జాబితాలో లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడటమంటే వినడమే గాని, అంతవరకూ కళ్లారా చూడలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం, చిత్రాన్నం తింటుండగా, అది ఒక్క క్షణం మెరిసింది. గోడ అవతలి మాట వినబడ్డట్టు, పక్క చానల్‌లోంచి. ఆ పలవరింతలో తన చానల్ నంబరు కూడా చెప్పింది: 13. గబగబా మీ ఫైలు తెరిచాను. మీకు ఒక్క రేడియోనే గనక ఒకేసారి ఒక్క చానలే వినగలరు. అందుకని సెకనుకు 5 గెంతుల చొప్పున చానళ్లన్నీ చుట్టొస్తారు. ఆ చుట్టే జాబితా అమెరికా లెక్కన 11తో ఆగిపోయింది. మన దేశంలో 13 దాకా ఉన్నాయి. కేబుల్ అబ్బాయి రద్దీ లేదని మా రౌటర్‌ని 13లో పెట్టాడు. మీరు మూడు వారాలు మా వీధిలో తిరిగారు, అమెరికా పొలిమేర దాటకుండా.

12, 13 చేర్చాను. కనిపించింది. ఎర్రగా.

అంటే డబ్బాలోంచి తీసి ప్లగ్గు పెట్టి వదిలేసిన బాపతు. ఓనర్ని పిలిచి చూపించాను. ఆయన తెరకేసి ఒకసారి, రౌటర్‌కేసి ఒకసారి, నాకేసి రెండుసార్లు చూసి, ఆ సాయంత్రమే వైఫై తీయించేసి వరండాలోకి తీగ లాగించాడు. రూమ్మేట్ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
యువర్_యూజర్_హియర్