పోయింది సెన్సార్, కొనమన్నది స్టీరింగ్ మొత్తం

వారంటీ దాటిన నా కారుకి కిందటి నెల స్టీరింగ్ బిగుసుకుపోయింది. మీటర్‌లో స్టీరింగ్ బొమ్మ వెలుగుతుంది, ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు మామూలవుతుంది, విజయవాడ బెంజ్ సర్కిల్ చేరేలోపు మళ్ళీ మొదలు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ఇట్టే తేల్చేశారు. టార్క్ సెన్సార్ తప్పు చూపిస్తోందట. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింద ఉండే కడ్డీ భాగం) అసెంబ్లీ, అంటే సెట్టు మొత్తం మార్చాలట. పార్టుకే 46 వేలు, లేబర్ వేరే.

"సెన్సార్ పోతే సెన్సార్ మార్చండి" అన్నాను.

"సెన్సార్ విడిగా రాదు సార్. కాలమ్, మోటార్, సెన్సార్ అన్నీ కలిపి ఒకటే పార్ట్ నంబర్" అన్నాడు సర్వీస్ అడ్వైజర్.

ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. కంప్యూటర్‌లో ఉన్నదే చెప్పాడు. ఎస్టిమేట్‌లో ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ క్లీనింగ్ కూడా కలిపేసి, నేను అడిగితే తీసేశాడు. వాళ్ళ టార్గెట్లు వాళ్ళవి.

రోడ్డు మీద తిరిగే బండి అన్నాక పాడవుతుంది. క్లచ్ ప్లేట్ అరుగుతుంది, సస్పెన్షన్ బుష్‌లు పోతాయి, మన రోడ్లకి ఇంకాస్త ముందే పోతాయి. వాటికి డబ్బు పెట్టడానికి నేనేం ఏడవను. మనం స్టీరింగ్‌ని ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచి చెప్పడమే ఈ టార్క్ సెన్సార్ పని, దాన్ని బట్టి మోటార్ సాయం చేస్తుంది. ఆ కొలిచే ముక్క చెడింది. మోటార్ బాగుంది, కాలమ్ బాగుంది, వాటిని పారేసి కొత్తవి కొనుక్కోమంటున్నారు. ఫ్యాన్‌లో కెపాసిటర్ పోతే ఫ్యానే మార్చుకోమనే ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ ఇంటికి పిలుస్తామా?

ఇది నా ఒక్కడి గోల అనుకోకండి. కార్ల కంపెనీలు విడిభాగాలనీ, రిపేరుకి కావలసిన సమాచారాన్నీ, స్కానర్ లాంటి పరికరాలనీ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే తేల్చింది. 14 కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. పార్టులు బయట దొరికేలా చూడమంది. బయట రిపేర్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, కేసు ఏళ్ళ తరబడి నడిచింది. 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీల రిపేరు సమాచారం ఒకచోట దొరికేలా కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ట్రాక్టర్లతో పాటు కార్లు కూడా అందులో ఉన్నాయి. మంచిదే. కానీ నేను వెతికితే నా కారు సెన్సార్ ధర అందులో దొరకలేదు. అసలు విడిగా అమ్మని వస్తువుకి ధర ఎక్కడినుంచి వస్తుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం జీఎస్టీ ఉన్న విడిభాగాలకు కూడా 18 శాతమే అయింది కదా అని ఒక మిత్రుడు గుర్తు చేశాడు. సంతోషం. నాకు అక్కర్లేని మోటార్ మీద కూడా పన్ను తగ్గించినందుకు థ్యాంక్స్.

ఇంకొందరు ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. యాక్సిడెంట్ కాకుండా దానంతటది చెడిపోయిన పార్టుకి మామూలు కార్ పాలసీ రూపాయి ఇవ్వదు, జీరో డెప్ (పార్టుల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత పెట్టని యాడ్ ఆన్) ఉన్నా సరే. ప్రీమియం కట్టేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావమరిది కారు సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ లేదని ఇంజిన్ ఖర్చు ఇవ్వలేదు, మిగతాది ఇచ్చారు. పోనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుందామంటే, ప్రతి సర్వీసూ వాళ్ళ దగ్గరే చేయించాలనే షరతు. తిరిగి తిరిగి అదే కౌంటర్ ముందు నిలబడాలి.

చివరికి ఆటోనగర్ వెళ్ళాను. స్టీరింగ్ పనులు మాత్రమే చేసే ఒక పెద్దాయన కాలమ్ దింపి, విప్పి, "బంగారం లాంటి మోటారండీ, దీన్నెందుకు పారేస్తారు" అన్నాడు. సెన్సార్ మార్చి, స్కానర్‌తో జీరో కాలిబ్రేషన్ (స్టీరింగ్ తిప్పనప్పుడు సెన్సార్ సున్నా చూపేలా సరిచేయడం) చేసి, మొత్తం తొమ్మిదిన్నర వేలు తీసుకున్నాడు. ఇప్పుడు స్టీరింగ్ వేలితో తిరుగుతోంది.

దీంతో ఆటోనగర్‌ని ఆకాశానికెత్తే పోస్ట్ ఇది అనుకోవద్దు. అక్కడ డూప్లికేట్ పార్టులు ఒరిజినల్ డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. నాకు జీఎస్టీ బిల్లు రాలేదు. ఆరు నెలల గ్యారంటీ అని విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు, అదే నా దగ్గరున్న కాగితం. "బ్రేకులు, స్టీరింగ్ లాంటివి బయట ముట్టుకోనిస్తే ఎట్లా?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పెద్దాయన వేసిన సెన్సార్ ఎక్కడిదో నాకు తెలియకపోవడానికి కారణం ఎవరు? కంపెనీయే ఆ సెన్సార్‌ని డబ్బాలో పెట్టి, ధర ముద్రించి, బిగించే పద్ధతి రాసి అమ్మితే ఆయన అదే వేసేవాడు. 'భద్రత కోసం' అని పార్టు దాచిపెట్టి, జనాన్ని ఊరూపేరూ లేని పార్టుల వైపు తోస్తున్నది కంపెనీలే. 46 వేలు ఒక్కసారి తీయలేనివాడు ఏం చేస్తాడు? బిగుసుకున్న స్టీరింగ్‌తోనే పిల్లల్ని స్కూల్‌కి దింపుతాడు. భద్రత గురించి మాట్లాడేవాళ్ళు అతని గురించి కూడా మాట్లాడాలి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రతి మోడల్‌కీ పార్టుల ధరల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. కారు కొనకముందే చూసుకుంటాం, మైలేజీ చూసుకున్నట్టు. తరచూ పోయే ముక్కలు విడిగా అమ్మాలి. ఇది కంపెనీలు వాటంతటవి చేస్తాయనే ఆశ నాకు లేదు, కేంద్రం రూలు పెట్టాల్సిందే. ఈలోగా ఎవరైనా 'అసెంబ్లీ' అంటే, అందులో చెడిందేమిటో ఎస్టిమేట్ మీద రాసివ్వమనండి. పాత పార్టు మీకే ఇమ్మనండి. బేరం తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, ఖర్చేం లేదు.

అన్నట్టు, మా తోడల్లుడి ఆటోమేటిక్ కారుకి నిన్న గేర్‌బాక్స్ అసెంబ్లీ అన్నారు, లక్షా ఎనభై వేలు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ విప్పి చూడగలిగిన మెకానిక్ ఎవరైనా తెలిస్తే కామెంట్‌లో చెప్పండి. శనివారం లోపు అయితే మేలు, ఆ తర్వాత రోజుకింత పార్కింగ్ ఛార్జీ వేస్తారట.