మొదటి స్థానం అమ్మేవారి గురించి

నెల తిరిగేసరికి గూగుల్ సెర్చ్ ఫలితాల్లో మొదటి స్థానం ఖాయమంటూ చిన్న వ్యాపారుల దగ్గర వేలకు వేలు వసూలు చేసేవారిని చూస్తే కడుపు మండిపోతుంది. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. పేజీ కోడ్‌లో పాఠకులకు కనపడకుండా ఉండే పదాల జాబితాను, అంటే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను, ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకోవడం లేదని ఆ సంస్థ 2009లోనే ప్రకటించినా, నేటికీ అందులో పదాలు కుక్కి, ఆ పనికి విడిగా బిల్లు వేస్తున్నారు. మా వీధిలో పచ్చళ్లు అమ్ముకునే ఒకావిడ సైటులో ప్రతి వాక్యంలోనూ ‘ఆవకాయ’ అన్న మాటను ఇరికించి, మనిషన్నవాడు చదవలేని స్థితికి తెచ్చారు. గూగుల్ దృష్టిలో అది స్పామ్, అంటే ఫలితాల్లో పైకి రావడానికి చేసే మోసం. పైకి రావడానికి ఇతర సైట్ల నుంచి కొనుక్కున్న లింకులూ అంతే, గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో 2012లో వచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ అనే మార్పు అలాంటి సైట్లను వెనక్కి నెట్టింది. ప్రకటనలకు డబ్బు కడితే సాధారణ ఫలితాల్లోనూ పైకి వస్తామన్నది మరో అపోహ.

నిజానికి ఫలితాల్లో కనిపించాలంటే, వెబ్ పేజీలను తిరిగి చూసే గూగుల్ ప్రోగ్రామ్ అయిన క్రాలర్ ముందు పేజీని చదవగలగాలి, ఆ పేజీ గూగుల్ దాచుకునే పేజీల జాబితా అయిన ఇండెక్స్‌లో చేరాలి, ఆ తర్వాతే వెతికినవారి అవసరానికి ఎంత పనికొస్తుందన్న లెక్క మొదలవుతుంది. ఫలితం కనిపించడానికి నెలలు పట్టవచ్చు. ఏ పేజీలు ఇండెక్స్ అయ్యాయో సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం ఉచితంగానే చూపిస్తుంది. డబ్బు తీసుకున్నవారు కనీసం ఆ ఖాతానైనా పచ్చళ్ల ఆవిడ చేతికి ఇవ్వలేదు.