పూర్వీకుణ్ణి కబ్జా చేయు విధానము

ఖాళీ స్థలాన్ని కబ్జా చేయడం పెద్ద విద్యేమీ కాదు. తెల్లారేసరికి చుట్టూ ప్రహరీ లేపి, గేటుకు బోర్డు తగిలించి, లోపల ఒక కుక్కను కట్టేస్తే మిగతాది వాయిదాలే చూసుకుంటాయి. చనిపోయిన మహారాజును కబ్జా చేయాలంటే మాత్రం సరంజామా చాలా కావాలి: టన్నుల కొద్దీ కంచు, నోట్లు అచ్చేసే ప్రెస్సు, మాట వినే చరిత్రకారులు, పంచాంగం మీద పట్టు, ఆఖరున ఒక అణు జలాంతర్గామి. ఈ రంగంలోకి కొత్తగా దిగదలచిన ప్రభుత్వాల సౌకర్యార్థం, ఇప్పటికీ నడుస్తున్న ఒక పెద్ద కేసును ఇక్కడ విప్పి చూపిస్తున్నాం. కేసు పేరు వ్లాదిమిరు. మాస్కోలో వ్లాదిమిర్ అంటారు, కీవ్‌లో వొలొదిమిర్ అంటారు. మనిషి ఒక్కడే: కీవ్ ఏలి, తన జనానికి బాప్తిస్మం ఇప్పించిన దొర, పోయింది 1015లో. మావాడంటే మావాడని కొట్టుకుంటున్నవి రష్యా, ఉక్రెయిన్.

అన్నిటికన్నా ముందు సరైన వ్లాదిమిరును ఎంచుకోవాలి. తొందరపడి దొరికినవాణ్ణి పట్టుకుంటే కొంప మునుగుతుంది. కీవ్ వ్లాదిమిరుకు వందేళ్ల ముందే బల్గేరియాలో ఒక వ్లాదిమిరు ఉన్నాడు. 889లో తండ్రి బోరిస్ రాజ్యం అప్పగించి మఠంలో చేరితే, కొడుకు కొత్తగా వచ్చిన క్రైస్తవాన్ని పక్కకు నెట్టి పాత దేవుళ్లను మళ్లీ తెచ్చే పనిలో పడ్డాడు. నాలుగేళ్లు ఓపిక పట్టిన సన్యాసి తండ్రి 893లో మఠం దిగి వచ్చి, కొడుకును గద్దె దించి, కళ్లు పొడిపించి, చిన్న కొడుకును కూర్చోబెట్టి, మళ్లీ ధ్యానానికి వెళ్లిపోయాడు. ఈ వ్లాదిమిరు మావాడంటే మావాడని ఇంతవరకు ఏ రెండు దేశాలూ కొట్టుకోలేదు.

కీవ్ వ్లాదిమిరు గెలిచాడు. కాబట్టి దాయాదులకు కొదవ లేదు. చిక్కల్లా ఆయన జీవిత చరిత్రతోనే. తల్లి మలూషా, నాయనమ్మ ఓల్గా ఇంట్లో తాళాలు చూసుకునే మనిషి. అన్నదమ్ముల పోరులో సముద్రం దాటి పారిపోయి, కిరాయి సైన్యంతో తిరిగొచ్చాడు. దారిలో పోలొత్స్క్ మీద పడి అక్కడి రాజును చంపి, ఆయన కూతురు రొగ్నెదాను పెళ్లాడాడు. కీవ్ ఏలుతున్న అన్న యారొపోల్క్‌ను కూర్చుని మాట్లాడుకుందాం రమ్మన్నాడు. అన్న గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరు కిరాయి సైనికులు చెరో పక్క నుంచి కత్తులు దింపారు. అలా సింహాసనం ఎక్కి, కోట బయట గుట్ట మీద ఆరుగురు దేవుళ్లను నిలబెట్టాడు. అందులో పెద్దవాడు పెరూన్: చెక్క ఒళ్లు, వెండి తల, బంగారు మీసాలు. ఇక ఉంపుడుగత్తెల లెక్క వీశ్‌గొరొద్‌లో 300, బెల్‌గొరొద్‌లో 300, బెరెస్తొవ్‌లో 200. ఈ మాటలు గిట్టనివాళ్లు రాసినవి కావు. ఆయన్ను కొనియాడుతూ కీవ్ సన్యాసులు పన్నెండో శతాబ్దం మొదట్లో కూర్చిన వృత్తాంతంలోనే ఉన్నాయి. సన్యాసులు ఇంత శ్రద్ధగా లెక్క కట్టడం వెనక ఏ ఉద్దేశం ఉందో మనం అడగకూడదు.

988లో బాప్తిస్మం పుచ్చుకొని, పెరూన్‌ను గుర్రం తోకకు కట్టి ఈడ్పించి, పన్నెండు మందిని పెట్టి కర్రలతో బాదించి ద్నీపర్‌లో తోయించాడు. మర్నాడు ఊరంతా నదిలోకి దిగాలని, దిగనివాడు తనకు శత్రువని చాటింపు వేశాడు. అందరూ దిగారు. ఇక్కడ కబ్జాదారు నేర్చుకోవలసిన సూత్రం సులువైనది. 988కి ముందుదంతా పూర్వాశ్రమం కింద కొట్టేయాలి. చర్చికి ఆ భాగం పనికొస్తుంది, పాపి ఎంత ఘనుడైతే మారుమనసు అంత ఘనం కదా. ప్రభుత్వాలకు పనికిరాదు.

అన్నట్టు, బాప్తిస్మంలో ఆయనకు పెట్టిన పేరు వసీలీ. రికార్డుల ప్రకారం పరలోకంలో ఉండాల్సింది వసీలీ. ఇక్కడ రెండు దేశాలు కొట్టుకుంటున్నది ఆయన వదిలేసిన పాత పేరు మీద. పేరు మార్పిడి తాలూకు ఈ లోపాన్ని ఇంతవరకు ఏ పక్షమూ లేవనెత్తకపోవడం విచిత్రం.

బాప్తిస్మం ఎక్కడ జరిగిందన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పూర్వీకుడితో పాటు స్థలం కూడా కలిసొస్తుంది. పాత వృత్తాంతం క్రిమియాలోని కోర్సున్ అని చెబుతుంది. అదే నోటితో, తెలియనివాళ్లు కీవ్ అంటారని, ఇంకొందరు వసీలెవ్ అంటారని తగువును కూడా నమోదు చేసింది. తెలివైన కబ్జాదారు మొదటి వాక్యం తీసుకొని రెండోది వదిలేస్తాడు. 2014 మార్చి 18న క్రిమియాను కలుపుకుంటున్నట్టు ప్రకటించిన ప్రసంగంలో పుతిన్ ఆ బాప్తిస్మాన్ని గుర్తు చేశారు. అదే ఏడాది డిసెంబరులో కోర్సున్‌ను జెరూసలేంలో యూదులకు, ముస్లిములకు పవిత్రమైన ఆలయ గుట్టతో పోల్చారు. వెయ్యేళ్ల కిందటి స్నానానికి ఇంత విస్తీర్ణం గల పట్టా రావడం న్యాయశాస్త్రంలో అరుదు.

ఇక లింక్ డాక్యుమెంట్లు. ఈ విషయంలో మాస్కో చూపిన ప్రతిభ ముందు మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరిగే దళారులు పసిపిల్లలు. వ్లాదిమిరు మునిమనవడు వ్లాదిమిర్ మోనోమఖ్. 1053లో పుట్టాడు. బైజాంటియం చక్రవర్తి కాన్‌స్టంటైన్ మోనోమఖోస్ తన కిరీటాన్ని ఆయనకు పంపాడనీ, అది కీవ్ నుంచి మాస్కో రాజులకు దక్కిందనీ పదహారో శతాబ్దంలో ఒక కథ తయారైంది. ఆ కిరీటం ఇప్పటికీ క్రెమ్లిన్ ఆయుధశాలలో ఉంది: బంగారు రేకుల టోపీ, అంచున సేబుల్ బొచ్చు. చిక్కేమిటంటే చక్రవర్తి 1055లోనే పోయాడు. అప్పటికి మన మోనోమఖ్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. పాలు తాగే పిల్లాడికి అంత టోపీ ఎందుకు పంపాడో కథలో లేదు. పనితనం చూసిన నిపుణుల్లో చాలామంది అది మంగోలు ఖాన్ల కాలంలో మధ్య ఆసియా వైపు తయారైందంటారు. అంటే కప్పం కట్టించుకున్నవాడి వైపు నుంచి వచ్చిన టోపీ, కాన్‌స్టాంటినోపుల్ కిరీటంగా రికార్డుల్లోకి ఎక్కింది. 1682లో అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి పట్టాభిషేకం చేయాల్సి వస్తే ఒక టోపీ చాలలేదు. అలాంటిదే ఇంకోటి చేయించి పని కానిచ్చారు. తరువాత దానికీ పురాతనత్వం వచ్చింది.

ఊళ్ల వయసు పెంచడం కూడా డాక్యుమెంట్ల పనిలో భాగమే. రష్యాలో వ్లాదిమిర్ అనే నగరం ఉంది. మోనోమఖ్ 1108లో కట్టించాడన్న లెక్కన 1958లో 850 ఏళ్ల పండుగ చేసుకుంది. 1990ల్లో పుట్టిన సంవత్సరాన్ని 990కి జరిపి వెయ్యేళ్ల పండుగ కూడా చేసేసింది. నలభై ఏళ్లు తిరగకుండానే నూట యాభై ఏళ్లు పెద్దదైన ఊరు ఇంకెక్కడుంది?

తర్వాత హద్దురాళ్లు. కీవ్‌లో ద్నీపర్ ఒడ్డున గుట్ట మీద శిలువ పట్టుకొని నిలబడ్డ వ్లాదిమిరు 1853 నాటివాడు. మొత్తం ఎత్తు 20.4 మీటర్లు. అందులో విగ్రహం నాలుగున్నర మీటర్లే, తక్కినదంతా గుడి ఆకారంలో కట్టిన పీఠం. దాన్ని నిలబెట్టింది రష్యా సామ్రాజ్యమే. ప్రత్యర్థి డబ్బుతో హద్దురాయి పాతించుకోవడం కీవ్ సాధించిన ఘనత.

మాస్కో ఆలస్యంగా మేల్కొంది. అక్కడ అసలు ఇబ్బంది ఏమిటంటే, వృత్తాంతాల్లో మాస్కో పేరు మొదటిసారి కనిపించేది 1147లో, అంటే వ్లాదిమిరు పోయిన 132 ఏళ్లకు. ఆయన ఆ ఊరికి వచ్చాడని చెప్పడానికి వీల్లేదు, ఊరు ఉంటే కదా. విగ్రహాన్ని నిలబెట్టడానికి ఇది అడ్డు కాలేదు. ముందు పిచ్చుక కొండల మీద 24 మీటర్లకు ప్లాన్ వేశారు. కీవ్ దానికన్నా మూడున్నర మీటర్లు పైన అన్నమాట. జనం అభ్యంతరం చెప్పారు, వేలమంది సంతకాలు పెట్టారు, ఆ ఏటవాలు నేల అంత బరువు మోయదన్న మాటా వచ్చింది. దాంతో క్రెమ్లిన్ పక్కన బొరొవిత్స్కాయా కూడలికి మార్చారు. అక్కడ యునెస్కో ఎత్తు గురించి గొణిగింది. కోసి కోసి సుమారు 17 మీటర్లకు దించి, 2016 నవంబరు 4న వ్లాదిమిర్ పుతిన్ చేతుల మీదుగా తెర తీశారు. మొత్తం ఎత్తులో కీవ్ గెలిచింది. పీఠం తీసేసి మనిషిని మాత్రమే కొలిస్తే మాస్కో గెలిచింది. కొలత విషయంలో తీర్పు చెప్పే ట్రిబ్యునల్ ఇంకా ఏర్పడలేదు.

నోట్ల దగ్గర తగువు గడ్డానికి చేరింది. వ్లాదిమిరు బొమ్మను ఉక్రెయిన్ ఒక హ్రివ్‌న్యా మీద వేసుకుంది. ఆయన కొడుకు యారొస్లావ్‌ను మాత్రం రెండు దేశాలూ వదల్లేదు. ఉక్రెయిన్ పాత 2 హ్రివ్‌న్యాల నోటు మీద ఆయనకు కొసాకుల తరహాలో కిందికి వేలాడే మీసం. రష్యా 1000 రూబుళ్ల నోటు మీద నిండు గడ్డం. అసలు మొహం ఎలా ఉండేదో చూసి చెప్పేవాడు లేడు గనక క్షౌరం ఎవరి ఇష్టం వారిది.

ఇంతలో మన కేసులోకి ఒక పిలవని పేరంటం వచ్చింది: వ్లాదిమిర్ ఇల్యీచ్ ఉల్యానొవ్, అంటే లెనిన్. దేవుడి మీద అసలు నమ్మకం లేని రాజ్యాన్ని కట్టినవాడికి, దేశానికి బాప్తిస్మం ఇప్పించిన సెయింటు పేరు. అక్కడితో అయిపోలేదు. ఆయన తండ్రి ఇల్యా, బళ్ల ఇన్‌స్పెక్షన్ అధికారిగా చేసిన సేవకు 1882లో సెయింట్ వ్లాదిమిర్ బిరుదు పొందాడు. కేథరిన్ మహారాణి 1782లో పెట్టిన ఆ బిరుదు వల్ల కుటుంబానికి వంశపారంపర్య జమీందారీ హోదా వచ్చింది. జమీందార్లను రద్దు చేసిన మనిషి ఆ విధంగా సెయింట్ వ్లాదిమిర్ దయ వల్ల వారసత్వ జమీందారు. ఉక్రెయిన్ ఈ వ్లాదిమిరును 2013 నుంచి కూలగొట్టడం మొదలుపెట్టి, 2016 చివరికి 1,320 విగ్రహాలు తీసేసింది. మన దగ్గర బెజవాడ లెనిన్ సెంటర్‌లో ఆయన నిక్షేపంగా నిలబడి ఉన్నాడు, పక్కన పాత పుస్తకాలు అమ్ముకుంటున్నారు. తెలుగువాళ్లు పిల్లలకు లెనిన్ అని ధారాళంగా పెట్టుకున్నారు గానీ వ్లాదిమిర్ జోలికి పోయినవాళ్లు తక్కువ. అసలు పేరును సెయింటుకు వదిలేసి కలంపేరును తెచ్చుకున్నాం కాబట్టి ఈ దావాలో మనకు నోటీసు రాదు.

పిలుపు మర్యాదలు కూడా తెలిసి ఉండాలి. రష్యాలో పెద్దమనిషిని పేరుతో పాటు తండ్రి పేరు కలిపి పిలవడమే మన 'గారు'. పుతిన్ తండ్రీ వ్లాదిమిరే కాబట్టి ఆయన వ్లాదిమిర్ వ్లాదిమిరొవిచ్. కవి మయకోవ్‌స్కీ, నవలాకారుడు నబొకోవ్ కూడా అచ్చంగా వ్లాదిమిర్ వ్లాదిమిరొవిచ్‌లే. జెలెన్‌స్కీ వొలొదిమిర్ ఒలెక్సాంద్రొవిచ్. ఇంట్లో ముద్దుగా పిలవాలంటే మాత్రం ఇద్దరూ వోవాలే. రెండు దేశాల జోకుల్లోనూ బళ్లో టీచరమ్మను బూతు మాటలతో హడలగొట్టే పిల్లాడి పేరు వోవచ్కా. ఆ పిల్లాడు మావాడని మాత్రం ఏ విదేశాంగ శాఖా ప్రకటన ఇవ్వలేదు.

ఆయుధ విభాగంలో చెప్పుకోదగ్గది ఒకటే. 2020 జూన్‌లో రష్యా నౌకాదళంలో చేరిన అణు జలాంతర్గామి పేరు 'క్న్యాజ్ వ్లాదిమిర్', అంటే వ్లాదిమిరు దొర. చర్చి ఆయనకు అపొస్తలులతో సమానుడని హోదా ఇచ్చింది. నౌకాదళం పదహారు బులవా క్షిపణులు ఇచ్చింది.

కబ్జా పత్రంలో ఆఖరి పేరా ఎప్పుడూ కుటుంబ బంధాల గురించి ఉండాలి. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములం, ఒకే తండ్రి బిడ్డలం అని. 2021 జులైలో పుతిన్ రాసిన పెద్ద వ్యాసం సారం అదే. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు కాకుండా, తాత ఏం తాగాడో కూడా చూడాలి. నొవ్‌గొరొద్ ఏలుతున్న కొడుకు యారొస్లావ్ ఏటా తండ్రికి, అప్పటి తూకంలో, రెండు వేల హ్రివ్‌న్యాల వెండి పంపాలి. 1014లో పంపనన్నాడు. తండ్రి దారులు బాగు చేయమని, వంతెనలు కట్టమని ఆజ్ఞ ఇచ్చి కొడుకు మీద దండయాత్రకు బయల్దేరబోతూ జబ్బుపడి 1015 జులై 15న పోయాడు. తర్వాత నాలుగేళ్లు కొడుకులు ఒకరినొకరు చంపుకున్నారు. బోరిస్, గ్లెబ్ అనే ఇద్దరు ఆ హత్యల్లో పోయి సెయింట్లయ్యారు. ఆ పేరాను వ్యాసంలో చేర్చితే కుటుంబ వాతావరణం బాగా అర్థమవుతుంది.

మిగిలింది పండుగ తేదీ. వ్లాదిమిరు వర్ధంతి పాత జూలియన్ పంచాంగంలో జులై 15, ఇప్పటి లెక్కలో పదమూడు రోజులు కలిపితే 28. ఆ రోజును ఉక్రెయిన్ 2008లో రూస్ (వ్లాదిమిరు ఏలిన రాజ్యం) బాప్తిస్మ దినంగా ప్రకటించింది. రెండేళ్లకు రష్యా చట్టం చేసి అదే తేదీని తనదంది. 2021లో ఉక్రెయిన్ దాన్నే రాజ్యస్థాపన దినంగా కూడా చేసింది. చర్చి పంచాంగం మార్చుకున్నాక 2024 నుంచి ఆ పండుగను జులై 15కు జరిపి ఉమ్మడి గోడ వదిలేసింది. మాస్కో ఇప్పుడు 28వ తేదీకి ఏకైక హక్కుదారు. ఈ హక్కు 2099 దాకానే. 2100 ఇప్పటి గ్రెగరీ లెక్కలో లీపు సంవత్సరం కాదు, జూలియన్ లెక్కలో అవును. ఆ మార్చి మధ్య నుంచి తేడా పద్నాలుగు రోజులు అవుతుంది. చర్చి పండుగ 29కి పోతుంది, చట్టంలోది 28నే ఉండిపోతుంది. సవరణ బిల్లు ముసాయిదా ఇప్పుడే రాసి పెట్టుకోవడం మంచిది. కీవ్ ఎంచుకున్న కొత్త పంచాంగం 2800 ఫిబ్రవరి దాకా గ్రెగరీ లెక్కతోనే నడుస్తుంది కాబట్టి దానికి అప్పటిదాకా ఏ సవరణా అక్కర్లేదు.