పన్నెండు తీగలు, ఒక బ్యాటరీ

యాభయ్యో వార్షికోత్సవ కచేరీ అనగానే అభిమానులకి బెంగంతా గొంతు మీదే. ఈ వయసులో పైస్థాయి పలుకుతుందా అని. గొంతుదేముంది, దానికి మందుంది. పాతికేళ్లప్పుడు ‘ఏ’ (A) మేజర్ శ్రుతిలో అందుకున్న పాటని డెబ్బై అయిదులో అంతకన్నా కిందుండే ‘జీ’ (G) మేజర్‌కి దించుకుంటారు. హాల్లో చాలామంది పసిగట్టరు కూడా. కొంప ముంచేది గొంతు కాదు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ.

ఒక జానపద రాక్ జంటని ఊహించుకోండి. ఇంగ్లండులో ఏదో ఊరి పాత థియేటరు, నవంబరు చలి, శనివారం రాత్రి. కుడివైపాయన చేతిలో ఆరు తీగల గిటారు, ఎడమవైపాయన చేతిలో పన్నెండు తీగలది. పేర్లు అనవసరం. ఇలాంటి జంటలన్నిటిదీ ఒకటే జాతకం.

అకౌస్టిక్ గిటారుకి బ్యాటరీ ఏమిటని అడక్కండి. ఈ సంగీతం పుట్టుకలోనే కరెంటుంది. అమెరికన్ జంట పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ 1964లో ఒట్టి గిటారుతో పాడిన ‘ది సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాటని ఎవరూ పట్టించుకోలేదు. మరుసటేడాది నిర్మాత టామ్ విల్సన్ దాని మీద ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ ఎక్కించాడు, వాళ్లిద్దరికీ మాటమాత్రం చెప్పకుండా. 1966 జనవరికల్లా అది అమెరికాలో నంబర్ వన్. అలా ఈ జంటల నుదుట వైరు రాసేశారు.

ఇప్పటి గిటారులో, తీగలు ఆనే బ్రిడ్జి కింద వాటి కదలికని కరెంటుగా మార్చే పికప్, లోపల దాన్ని పెంచే చిన్న ప్రీయాంప్, దానికో బ్యాటరీ. దీనికి వేరే స్విచ్ ఉండదు. జాక్‌లో కేబుల్ గుచ్చితే ఆన్, పీకితే ఆఫ్. వాయించేదీ లేనిదీ దానికి అక్కర్లేదు. కిందటి ఆదివారం రిహార్సల్ అయ్యాక గిటారుని స్టాండు మీద పెట్టి, కేబుల్ పీకకుండా టీ తాగడానికి వెళ్లారనుకోండి, శనివారానికి బ్యాటరీ కొన ఊపిరితో ఉంటుంది. కిటుకేమిటంటే అది ఒక్కసారిగా చావదు. సాయంత్రం సౌండ్ చెక్‌లో నెమ్మదిగా మీటితే బుద్ధిగా పలుకుతుంది. మూడో పాటలో గట్టిగా స్ట్రమ్ చెయ్యగానే పగిలిన కుండలో గులకరాళ్లు పోసినట్టు గరగరలాడుతుంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎడమవైపాయన ముందు కేబుల్‌ని తిట్టాడు. కేబుల్ మార్చారు. గరగర. గిటారు కేబుల్‌ని సౌండ్ సిస్టంకి కలిపే డీఐ బాక్సు మార్చారు. గరగర. సౌండ్ ఇంజనీరు గిటారు ముందు ఒక మైకు నిలబెట్టి, వినపడాలి కదా అని మానిటర్ (పాడేవాళ్ల వైపు తిరిగి ఉండే స్పీకరు) పెంచాడు. గిటారు డొల్ల 100 హెర్ట్జ్ దగ్గర్లో తనంతట తానే మోగుతుంది. మానిటర్లోంచి వచ్చిన మోత డొల్లలో దూరి, మైకులోకెక్కి, మళ్లీ మానిటర్లోకి దిగి, రైలింజను కూతలా ‘హూమ్మ్’ అని లేచింది. ముందు వరసలో ఒకావిడ వినికిడి యంత్రం తీసి సంచీలో వేసుకుంది.

ఇక బ్యాటరీ మార్చాల్సిందే. కొన్ని గిటార్లకి అడుగున చిన్న తలుపుంటుంది, అర నిమిషం పని. ఈయనదేమో డొల్ల లోపల వెల్క్రో సంచీలో ఉండే రకం. తీగల మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చాలి. ఆరు తీగలదానికైతే రెండు మూడు తీగలు వదులు చేస్తే సరి. పన్నెండు తీగలదానికి?

ఆ వాద్యం సంగతి కొంచెం చెప్పాలి. పన్నెండు తీగలంటే ఆరు జతలు. లావు వైపు నాలుగు జతల్లో ప్రతి లావు తీగ పక్కనా పైస్థాయిలో పలికే సన్న తీగ. మిగిలిన రెండు జతలూ కవలలు. మామూలు శ్రుతిలో బిగిస్తే మొత్తం లాగుడు సుమారు 110 కిలోలు. ఆరు తీగలదానికి 70, 75 ఉంటుంది. గిటారు మెడ వంగిపోతుందని చాలామంది దీన్ని రెండు అరస్వరాలు దించి శ్రుతి చేసుకుని, రెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర కాపో బిగిస్తారు. కాపో అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి శ్రుతి పెంచే క్లిప్పు. సన్న వైపు నుంచి మూడోదైన జీ జతలో సన్న తీగ మందం 0.2 మిల్లీమీటర్లు. గిటారు మొత్తంలో పైకి పలికేది అదే, ముందు తెగేదీ అదే.

మధ్యన ఆరు తీగలు వదులు చేస్తే ఆ లాగుడులో సగం పోయి మెడ వెనక్కి తిరుగుతుంది. తాకని తీగలు కూడా శ్రుతిలో పైకి జరుగుతాయి. బ్యాటరీ పెట్టి, వదిలిన తీగలు బిగిస్తూ వస్తే మెడ మళ్లీ ముందుకొస్తుంది, ఇంతకుముందే సరిచేసినవి కిందకి జారతాయి. అందుకని ఒక చుట్టుతో అవదు, కనీసం మూడు చుట్లు తిరగాలి. దీనికి తోడు స్టేజి దీపాల వేడికి ఉక్కు తీగలు సాగి ఇంకాస్త దిగుతాయి. ఎనభై ఏళ్లు బతికిన లూట్ (చాలా తీగలుండే పాత వాద్యం) వాయించేవాడు అరవై ఏళ్లు శ్రుతి చేసుకుంటూనే గడిపి ఉంటాడని 18వ శతాబ్దపు జర్మన్ సంగీతవేత్త మాథెసన్ ఎకసెక్కెం చేశాడు. పన్నెండు తీగల గిటారుని చూడకుండా పోయాడు, అదృష్టవంతుడు.

వెనక బృందముంటే ఈలోపు ఏదో ఒకటి వాయించేవాళ్లు. 1981 సెప్టెంబరు 19న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మళ్లీ కలిసి పాడేముందు, ఇద్దరం, ఒక గిటారు చాలన్నాడు గార్ఫంకెల్. బృందం ఉండాల్సిందేనని సైమన్ పట్టుబట్టి నెగ్గించుకున్నాడు. మన జంట మాత్రం ‘మొదటి రోజుల్లాగే ఇద్దరమే’ అని పోస్టరు మీద అచ్చేసుకుంది. కాబట్టి మాటలతో నెట్టుకురావలసిన భారం కుడివైపాయన మీద పడింది. 1975లో వాన్ చెడిపోయిన కథ చెప్పాడు. అయిపోయింది. వాన్ బాగుచేసిన కథ కూడా చెప్పాడు.

“అయిందా?”

“ఇంకో చుట్టు.”

“ఇందాకా అదే అన్నావు.”

“ఇందాకటిది రెండోది.”

జనం విరగబడి నవ్వారు. ఇదంతా ముందే అనుకుని చేస్తున్న హాస్యమనుకున్నారు.

1973లో అమెరికన్ పాటల జంట ఎవర్లీ సోదరుల్లో ఫిల్ కచేరీ మధ్యలో గిటారు విరగ్గొట్టి వెళ్లిపోయాడంటే అందరూ కోపం అంటారు. బ్యాటరీ మార్చడానికి అంతకన్నా దగ్గరి దారి లేదన్నది మాత్రం ఎవరూ గమనించినట్టు లేరు.

మూడో చుట్టు ముగిసింది. ట్యూనర్‌లో పన్నెండుసార్లు పచ్చదీపం వెలిగింది. చప్పట్లు. ఆ చప్పట్ల ఊపులో ఎడమవైపాయన చెయ్యి జేబులోకి పోయి, కాపో తీసి, రెండో ఫ్రెట్ దగ్గర బిగించేసింది. చెయ్యి అంటున్నాను గానీ ఆయన అనటంలేదు, ఎందుకంటే అందులో ఆయన ప్రమేయమేమీ లేదు, యాభై ఏళ్ల అలవాటు. కాళ్ల దగ్గర నేలకి అంటించిన పాటల జాబితాలో ‘జీ, కాపో వద్దు’ అని వేలెడంత అక్షరాలతో రాసే ఉంది. కానీ ప్రోగ్రెసివ్ కళ్లద్దాల్లో కింది భాగం చేతిలో పుస్తకానికి పనికొస్తుంది, మీటరున్నర కింద ఉన్న నేలకి కాదు. తల బాగా వంచి పైభాగంలోంచి చూడాలి. తల వంచితే నోరు మైకుకి అందదు.

పాట మొదలైంది. కుడివైపాయన జీలో, ఎడమవైపాయన ఏలో. నిండా ఒక స్వరం తేడా. రెండు గిటార్లూ ఎవరి శ్రుతిలో అవి పొల్లుపోకుండా ఉన్నాయి, అదే బాధ. కాస్త అపశ్రుతి అయితే వయసు మీద తోసెయ్యొచ్చు. నాలుగు ఆవర్తనాల తర్వాత కుడివైపాయన పక్కకి చూశాడు, కాపో కనిపించింది. ఇప్పుడాగితే నాలుగోసారి ఆగినట్టు. వాన్ కథలు అయిపోయాయి. అందుకని తన చేతిని రెండు ఫ్రెట్‌లు పైకి జరిపి ఏ మేజర్‌లోకి ఎక్కేశాడు.

చరణం చివర పైస్థాయి వచ్చింది. ఎవరి కోసం జీకి దించారో ఆ గొంతు అక్కడిదాకా వెళ్లి, అందక, ఆగింది. మిగతా లైను హాల్లో జనం అందుకున్నారు. పాతికేళ్లప్పటి స్వరంలోనే. చాలామంది కళ్లు తుడుచుకున్నారు, పెద్దాయనకి దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని.

లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వంగి దణ్ణం పెట్టి, తెర వెనకకి వెళ్లిపోయారు. హాల్లో దీపాలు వెలిగాయి. స్టేజి మీద రెండు గ్లాసులు, ఒక తువ్వాలు, స్టాండు మీద పన్నెండు తీగల గిటారు. దాని జాక్‌లోంచి వేలాడుతూ కేబుల్.