‘ఈ సూది వేసుకుంటే రోజా ఉంటుందా మేడం?’

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల మధ్య ఇరుక్కున్న ఒక మందుల దుకాణంలో నేను ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. రంజాన్ నెల మొదలైతే చాలు, మా కౌంటర్ దగ్గరికి డాక్టర్ చీటీలతో పాటు మసాయిల్, అంటే ధర్మసందేహాలు కూడా వస్తాయి. కంటి చుక్కలు వేసుకోవచ్చా, ఇన్‌హేలర్ పీల్చితే రోజా (ఉపవాసం) పోతుందా, ఈ సూది సాయంత్రం దాకా ఆపవచ్చా అని అడుగుతారు. నా కోటు మీద పేరు చూసి, ఈమెకు తెలిసే ఉంటుందని అనుకుంటారు. నేను చదివింది బి.ఫార్మసీ, ఫిఖ్హ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రం) కాదు. అయినా ఇంతమంది తమ ఉపవాసం గురించి మందులమ్మే మనిషిని అడగవలసిన పరిస్థితి ఎందుకు వచ్చిందన్నది చాలాకాలంగా నన్ను వేధిస్తున్న సంగతి. ముందుగా మా ఇంట్లో జరిగింది చెబుతాను.

అమ్మకు పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటుంది. రెండేళ్ళ క్రితం రంజాన్‌లో ఎవరో బంధువు ఆమె ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ పంపారు. మేము నూర్ బాషీయులం (దూదేకులవాళ్ళం), మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూలో ఉన్న ఆ మెసేజ్ అమ్మకు సగమే అర్థమైంది, ఆ అర్థమైన సగం ఏమిటంటే ఒంట్లోంచి రక్తం వస్తే రోజా పోతుందని. ఆ రోజు సహరి వేళ, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే వేళ, ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుని, సరిగా తినకుండా లేచిపోయింది, పగలంతా వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకోవడం మానేసింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వంటగది గడప మీద కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఆమె వద్దంటున్నా వినకుండా వేలు గుచ్చి చూస్తే షుగర్ 58కి పడిపోయి ఉంది. చక్కెర నీళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించి, గోడకు అంటించిన ఇఫ్తార్ కార్డు వైపు చూపించి, ‘ఇంకా ఇరవై నిమిషాలేగా, ఆగవే’ అంది. పన్నెండు నిమిషాలకే మా వీధి మసీదులో అజాన్ వినిపించింది. ఆ కార్డు హైదరాబాదులో అచ్చయినది.

ఈ ఎనిమిది నిమిషాల తేడా గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. గుంటూరు హైదరాబాదుకు దాదాపు రెండు డిగ్రీలు తూర్పున ఉంది కనుక సూర్యుడు మనకు సుమారు ఎనిమిది నిమిషాలు ముందే అస్తమిస్తాడు, అంతే ముందుగా మనకు తెల్లవారుతుంది కూడా. ఆ కార్డు చూసి చివరి నిమిషం దాకా సహరి తినేవారు మన ఊళ్ళో ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) వేళ వచ్చాక తింటున్నారన్నమాట. సూది గుచ్చుకుంటే రోజా పోతుందేమోనని భయపడే ఇళ్ళలోనే ఈ కార్డులు వేలాడుతుంటాయి, వాటి మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

ఇక రక్తం సంగతి. ఆ మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఉపవాసంలో హిజామా, అంటే కొమ్ము పెట్టి రక్తం తీయించుకోవడం గురించి పాతకాలం నుంచీ భిన్నాభిప్రాయం ఉంది. సున్నీల నాలుగు మజ్హబ్‌లలో (ధర్మశాస్త్ర సంప్రదాయాలలో) ఒకటైన హంబలీ పండితులు దానివల్ల రోజా భంగమవుతుందన్నారు. ప్రవక్త స్వయంగా ఉపవాసంలో హిజామా చేయించుకున్నారన్న హదీసును (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనాన్ని) ఆధారంగా తీసుకుని మిగతా మూడింటికి చెందిన హనఫీ, మాలికీ, షాఫయీ పండితులు భంగం కాదన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలే. పైగా పరీక్ష కోసం తీసే రక్తపు చుక్కకు హిజామాతో పోలికే లేదు. 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ కంటి చుక్కలూ, పోషణ కోసం ఎక్కించనటువంటి సూదిమందులూ, పరీక్షకు ఇచ్చే రక్తమూ ఉపవాసాన్ని భంగం చేయవని తీర్మానించింది. వేరొక మజ్హబ్ వారు వేరొక సందర్భంలో చెప్పిన మాట తలా తోకా తెగిపోయి, గుంటూరులో ఒక వంటగది గడప మీద కూర్చున్న మా అమ్మ మీద వచ్చి పడింది.

పండితులు మారరని అనుకునేవారికి చెవి మందు సంగతి చెబుతాను, ఫార్మసిస్టుగా నాకు ఇది చాలా ఇష్టమైన ఉదాహరణ. పాత హనఫీ గ్రంథాల ప్రకారం చెవిలో మందు వేసుకుంటే రోజా పోతుంది, ఎందుకంటే చెవి నుంచి లోపలికి దారి ఉందని ఆనాటి వైద్యం చెప్పింది. కర్ణభేరి బాగున్న మనిషికి అలాంటి దారి లేదని తేలిన తరువాత ఈ కాలపు ముఫ్తీలలో (ధర్మసందేహాలకు జవాబు చెప్పే పండితులలో) పలువురు ఆ తీర్పును సవరించారు. (తమాషా ఏమిటంటే నిజంగా దారి ఉన్నది కంటికే, చుక్కలు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది. అయినా కంటి మందు గురించి హనఫీలకు మొదటి నుంచీ అభ్యంతరం లేదు.) ఇన్‌హేలర్ విషయంలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మన దేశపు హనఫీ ముఫ్తీలు ఎక్కువమంది దానివల్ల రోజా పోతుందంటారు, అరబ్బు పండితులు పలువురు పోదంటారు. కాని అది లేనిదే ఊపిరాడని మనిషికి రోజా వదిలే అనుమతి ఖురాన్‌లోనే ఉంది. రోగులూ ప్రయాణికులూ ఆ లెక్కను వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చునని చెప్పే బఖరా సూరాలోని 185వ వచనమే, అల్లాహ్ మీకు సౌలభ్యాన్ని కోరుతాడు, కష్టాన్ని కోరడు అని కూడా అంటుంది.

మనవాళ్ళకు ఈ రెండో సగమే రుచించదు. ఏది ఎక్కువ కష్టమో అదే ఎక్కువ భక్తి అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. సులువైన జవాబు చెప్పిన ఇమాం సాబును అనుమానంగా చూస్తాం, బెదిరించే మెసేజ్‌ను పదిమందికి పంపుతాం. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక ఉదంతం ఉంది. ప్రయాణంలో ఒకాయన తలకు రాయి తగిలి గాయమైంది, ఆ తరువాత ఆయనకు గుస్ల్, అంటే శుద్ధి కోసం తలస్నానం చేయవలసి వచ్చింది. నీళ్ళకు బదులు తయమ్ముమ్ (శుభ్రమైన మట్టితో శుద్ధి) చేసుకోవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్ళు దొరుకుతున్నాయి కదా, కుదరదన్నారు. ఆయన స్నానం చేసి చనిపోయాడు. సంగతి తెలిసిన ప్రవక్త ఆగ్రహంతో, వాళ్ళే అతన్ని చంపారు, తెలియనప్పుడు అడగవద్దా, తెలియనితనానికి మందు అడగడమే కదా అన్నారు. ఆ తోటివారు చెడ్డవాళ్ళేమీ కాదు. మా అమ్మకు మెసేజ్ పంపిన బంధువు కూడా చాలా మంచి మనిషి.

అడగాలన్నా ఎవరిని అడగాలి? ముఖ్యంగా ఆడవాళ్ళు? నెలసరి వాయిదా వేసే మాత్రల కోసం రంజాన్‌కు ముందు వారంలో వచ్చే అమ్మాయిలు కౌంటర్ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి, ఫోనులో మాత్ర పేరు చూపిస్తారు, నోటితో అనరు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వనని చెప్పి, ఎందుకమ్మా అని అడిగితే, ముప్పై రోజాలూ పూర్తి చేయాలని ఉందక్కా అంటారు. ఆ రోజుల్లో ఉపవాసం లేకపోవడం వారి లోపం కాదనీ, అది షరీఅత్ నియమమనీ, వదిలిన రోజాలు తరువాత ఉంటే సరిపోతుందనీ, ఆ రోజుల నమాజులైతే తిరిగి చేయనక్కరలేదనీ వారికి ఎవరూ తెలుగులో నింపాదిగా చెప్పలేదు. హాని లేకపోతే ఆ మాత్రలు వాడవచ్చునన్న పండితులు ఉన్నారు, వాడి తీరాలని మాత్రం ఎవరూ అనలేదు. హాని ఉందా లేదా అన్నది ఆ అమ్మాయి ఆరోగ్యాన్ని బట్టి తేలుతుంది, ఆమెను చూడని మనిషికి అదెలా తెలుస్తుంది?

ముఫ్తీకీ ఖాజీకీ తేడా ఉందన్న సంగతి కూడా మరిచిపోయాం. ఖాజీ తీర్పు ఇస్తాడు, ముఫ్తీ అడిగినవారికి అభిప్రాయం చెబుతాడు, దాన్నే ఫత్వా అంటారు. మన సుప్రీంకోర్టు సైతం 2014లో ఫత్వాకు చట్టబద్ధత లేదని, ఎవరినీ దానికి కట్టుబడమని బలవంతం చేయరాదని స్పష్టం చేసింది. ఒకరు తన పరిస్థితి చెప్పుకుని పొందిన జవాబును ఫోటో తీసి ఊరంతా పంచడమంటే, పక్కింటాయన చీటీతో మందులు కొనుక్కోవడమే. ఆ పని చేసేవారిని నేను రోజూ తిప్పి పంపుతుంటాను.

ఆ సాయంత్రం తరువాత అమ్మను తెలుగు బాగా వచ్చిన ఒక ముఫ్తీ గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన జవాబు చెప్పలేదు, ముందు ప్రశ్నలు వేశారు. ఎన్నేళ్ళుగా ఉంది, రోజుకు ఎన్నిసార్లు సూది, డాక్టర్ ఏమన్నారు, ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని అడిగి, చివరికి, మీరు రోజా ఉండకండమ్మా, ఒక్కో రోజాకు ఒక పేదవారికి రెండు పూటలా భోజనం పెట్టండి, దాన్నే ఫిద్యా అంటారు, ఒకవేళ మీ ఆరోగ్యం కుదుటపడితే అప్పుడు ఆ రోజాలు తీర్చుకోండి అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సరే హజ్రత్ అంది.

ఇప్పుడు రంజాన్ వస్తే మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడకు రెండు పూటలా మా ఇంటి నుంచే క్యారేజీ వెళుతుంది. సహరికి ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మే. పొద్దున తొమ్మిదింటికి మాత్రం వంటగది తలుపు దగ్గరగా వేసుకుని, చప్పుడు కాకుండా రెండు ఇడ్లీలు తిని బయటికి వస్తుంది. నిరుడు మూడు నాలుగుసార్లైనా నన్ను అడిగింది, ‘నేను చెప్పిందంతా ముఫ్తీ గారు సరిగ్గా విన్నారంటావా?’ అని.