'లాగండి' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'లాగండి' గారికి,

హైవే పక్క ఫైర్ స్టేషన్ నుంచి ఒక లీడింగ్ ఫైర్‌మన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగను. మీకేమవుతుంది? నలిగేది లోపల ఉన్నవాడు కదా.

ముందుగా మీ వేగానికి దండం. 101కి ఫోన్ వచ్చి, బెల్ మోగి, బూట్లు తొడుక్కుని మేం బండెక్కేసరికే మీరు స్పాట్‌లో హాజరు. మొదట ఒక గొంతులో, ఆ తర్వాత నలభై గొంతుల్లో. "లాగన్నా! ఇంకొంచెం! ఆ కాలు పట్టుకో!"

మొన్నటి సంగతే తీసుకోండి. ఆగి ఉన్న లారీని ఇంకో లారీ వెనక నుంచి గుద్దింది. క్యాబిన్ నుజ్జయింది, డ్రైవర్ కాళ్లు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కున్నాయి. మేం దిగేసరికి ఇద్దరు ఆయన చేతులు పట్టి గుంజుతున్నారు. ఒకాయన బంపర్‌కు తాడు కట్టి, రెండో కొస ట్రాక్టర్‌కు తగిలిస్తున్నాడు. మేం చేసిన మొదటి పని మిమ్మల్ని ఆపడం. రెండోది, చక్రాల కింద చెక్క దిమ్మలు బిగించడం. అప్పుడు మీ అభిమాని ఒకాయన అన్నమాట ఇంకా నా చెవిలోనే ఉంది: "మనిషి చస్తుంటే వీళ్లు బండికి దిండ్లు పెడుతున్నరు!"

దిండ్లేనండీ. బండి జానెడు కదిలితే, దాని కింద చిక్కిన కాలు కూడా కదులుతుంది.

మా వాళ్ల పని మీకు అసలు నచ్చదని తెలుసు. ఒకడు బ్యాటరీ తీగలు విప్పుతాడు, మైనస్ ముందు. ఇంకొకడు పైపు పట్టుకుని, కారిన డీజిల్ వైపు చూస్తూ నిలబడతాడు. పని పూర్తయ్యేదాకా చుక్క నీరు వదలకపోవచ్చు, అయినా అక్కణ్నుంచి కదలడు. మరొకడు క్యాబిన్‌లోకి దూరి డ్రైవర్ తలను రెండు చేతులతో పట్టుకుంటాడు. ముప్పావు గంట అదే పని. మెడ ఎముక విరిగి ఉంటే, చిన్న కుదుపు చాలు వెన్నుపాము దెబ్బతినడానికి. తల పట్టుకున్నవాడే కబుర్లూ చెప్పాలి. ఊరేది, పిల్లలెందరు, పొద్దున ఏం తిన్నావు. కట్టర్ ఆన్ చేసేముందు "ఇప్పుడు చప్పుడొస్తది, భయపడకు" అని చెప్పాలి. (కట్టర్ పక్క స్టేషన్ నుంచి రావాల్సి వచ్చింది. ఆ ఆలస్యానికి వేరే వాళ్లకు వేరే లేఖ రాసుకుంటాను.)

ఇక నేను. నాలుగడుగుల దూరంలో, ఖాళీ చేతులతో. "ఆ పెద్దసారు సినిమా చూస్తున్నడు" అన్నారు మీవాళ్లు. నిజమే, చూడటమే నా పని. కట్టర్ పట్టినవాడికి తన ముందున్న ఇనుమే కనిపిస్తుంది. బండి ఎటు ఒరుగుతోందో, తెగిన రేకు ఎవరి మీదికి వస్తోందో చూడటానికి ఒకడు వెనక ఉండాలి.

మీకు మా దగ్గర ఒక సవతి ఉంది. పేరు 'ఆపు'. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు ఆ మాటన్నా అందరి చేతులూ ఆగాల్సిందే, నావి కూడా. ఎందుకన్నావని తర్వాతే అడుగుతాం.

ఇంకో గుట్టు చెబుతా. ఆ డ్యాష్‌బోర్డే కాలిని నొక్కిపెట్టి రక్తం కారకుండా చూస్తూ ఉండొచ్చు. చాలాసేపు నలిగిన కండరం మీది బరువు ఒక్కసారిగా తీస్తే, అందులో చేరిన విషాలు రక్తంలో కలిసి గుండెకే ముప్పు రావచ్చు. అందుకే 108 వాళ్లు సెలైన్ పెట్టి "సరే" అనేదాకా డ్యాష్‌బోర్డును నెట్టలేదు. ఆ పది నిమిషాలు మీరు నన్ను తిట్టిన తిట్లు మా ఆవిడకు కూడా రావు.

మీది చెడ్డ మనసు కాదు. బండికి మంటలంటుకుంటే మీ మాటే వేదం, మేమూ ముందు లాగుతాం. మిగతా రోజుల్లో కాస్త డివైడర్ అవతల నిలబడండి.

చివరికి డ్యాష్‌బోర్డు పైకి లేచింది. వీపు కింద బోర్డు పెట్టి, ఐదుగురం ఒకే లెక్కకు ఆయన్ని బయటికి జరిపాం. జరిపాం అన్నాను, గమనించండి. అంబులెన్స్ తలుపు పడగానే జనంలోంచి ఒక గొంతు: "చూసినవా, లాగితే వచ్చిండు!"

ఇట్లు,
ఖాళీ చేతుల పెద్దసారు

తాజా కలం: బంపర్‌కు మీరు కట్టిన తాడు మా స్టేషన్‌లోనే ఉంది. యూనిఫాంలు ఆరేసుకుంటున్నాం. మంచి తాడు.