రాయికి ఇచ్చిన సర్టిఫికెట్ మావాడికి ఇవ్వరా?

ఎడారిలో దొరికిన రాయికి కులగోత్రాలు తేల్చే పద్ధతి ఒకటుంది. అది తెలిశాక, మూడు తరాలుగా ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒకే ఇంట్లో ఉంటున్న మా కుటుంబం కన్నా సహారా ఇసుకలో పడున్న నల్లరాయే నయమని ఒప్పుకుంటున్నాను.

మావాడి రెసిడెంట్ సర్టిఫికెట్ కోసం ఓ ఆఫీసు బెంచీ మీద నాలుగో రోజు కూర్చున్నప్పుడు ఫోన్లో ఈ సంగతి చదివాను. మొరాకో బజార్లలో అమ్మే ఉల్కలు ఫలానా చోట దొరికాయని చాలాసార్లు ఎవరూ చెప్పలేరు. అయినా శాస్త్రవేత్తలు రాయిని నిలబెట్టి 'మీ నాన్న ఓటరు కార్డేది?' అని అడగరు. 'వాయవ్య ఆఫ్రికా' అని ఇంటిపేరు పెట్టి, వెనక ఒక నంబరు తగిలిస్తారు. అంతే! ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో మన కొఠియా పల్లెల గొడవ 1968లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. అక్కడ ఒకే మనిషికి రెండు రాష్ట్రాల కార్డులు. ఉల్కలకు నంబరిచ్చే శాస్త్రవేత్తల సంఘానికి ఈ కేసు అప్పజెబితే ఒక పూటలో తేల్చేసేవారు.

రాయి విషయంలో కాగితాలు చూడరు, కోసి లోపల చూస్తారు. ఒక ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి, వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడతారు. గసగసాలంత గుండ్రటి పూసలు కనబడితే అది కాండ్రైట్ అనే రకం ఉల్క. మామూలు కాండ్రైట్లలో ఇనుము బాగా ఉంటే హెచ్, తక్కువైతే ఎల్, మరీ తక్కువైతే ఎల్ఎల్. పూసలు విడివిడిగా ఉంటే 3. పుట్టినచోట వేడికి కాగి కాగి చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోతే 6.

ఈ లెక్కన మా అమ్మ 3. ఆవిడ తెలుగులో ప్రతి మాటా పూసలా విడిగా వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మరి. నేను 5. మావాడు ఖాయంగా 6. వాళ్ల నాయనమ్మ అన్నానికి పిలిస్తే "ఆసుచి నాయనమ్మా" అంటాడు, అంటే వస్తున్నానని. అందులో ఏ పూస ఒడియా, ఏ పూస తెలుగో మా అమ్మకు పట్టింపు లేదు. పప్పులో నెయ్యి వేసి కూర్చుంటుంది.

తుప్పుకు వేరే మార్కులు. డబ్ల్యూ0 నుంచి డబ్ల్యూ6 దాకా. నాకు బాగా నచ్చింది ఇదే. కాగడం పుట్టినచోట జరిగింది, తుప్పు ఇక్కడి గాలికీ తేమకూ పట్టింది. రెండూ వేర్వేరు కాలమ్‌లు. లోపలి లోహమంతా తుప్పయినా దాని పుట్టుకను ఎవరూ శంకించరు. మాకా సౌకర్యం లేదు. విశాఖలో "మీ తెలుగేంటి, ఒడియాలా ఉంది?" అంటారు. బరంపురంలో "మీ ఒడియాలో తెలుగు యాసుంది" అంటారు. అంతరిక్షంలో రాయికి తగిలిన దెబ్బలకు కూడా ఎస్1 నుంచి ఎస్6 దాకా మార్కులున్నాయి. "లంచ్ తర్వాత రండి" అన్నది ఎన్నో దెబ్బగా లెక్కేస్తారో మాత్రం చదివినంతలో కనబడలేదు.

రాయికి పేరు రావాలంటే 20 గ్రాములో, మొత్తంలో 20 శాతమో, ఏది తక్కువైతే అది భద్రపరచడానికి ఇవ్వాలి. న్యాయమే. ఏ4 కాగితం బరువు 5 గ్రాములు. నాలుగు జిరాక్సులకే నా బాకీ తీరాలి. నేనిచ్చినవి ఇరవై మూడు.

ఇంకో మర్యాద కూడా ఉంది. పడేటప్పుడు ముక్కలైన రాయి వేర్వేరు చోట్ల దొరికితే, పోల్చి చూసి 'ఇవి ఒకే రాయి' అని జతకడతారు. మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో మా బాబాయి ఉన్నాడు. అదే ముక్కు, అదే కోపం. ఆయన ఆంధ్రా, మేము ఒడిశా.

మా ఇల్లు కదల్లేదు. తాతగారు పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936లో ఒడిశాలోని గంజాం జిల్లా అయింది. 1992లో గజపతి జిల్లాలోకి వెళ్లింది. ఇదంతా ఫారంలో ఇరికించలేక, ఆ రాళ్లలో చాలావాటి పుట్టిల్లు గ్రహశకలాల పట్టీయే కదా అని, 'మూలస్థానం' దగ్గర 'అంగారకుడికీ గురుడికీ మధ్య' అని రాసిచ్చాను.

గుమాస్తా శ్రద్ధగా చదివాడు. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"జిల్లా రాయలేదేం బాబూ? గంజామా, గజపతా?"